ఇంటి పక్క సందులో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ రేంజ్ కట్టుకోవచ్చా?

జనగామ నాన్న (ప్రశ్న):

నమస్కారం. మాది జనగామ. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మొన్నటి వేసవి శిబిరంలో ఎయిర్ పిస్టల్ పట్టుకుంది, అప్పటి నుంచి దానికి వేరే ధ్యాస లేదు. ఆదివారాలు పొద్దున్నే ట్రైన్‌లో హైదరాబాద్ తీసుకెళ్లి రేంజ్‌లో కాల్పిస్తున్నాను. మిగతా ఆరు రోజులూ ప్రాక్టీసు లేదు. మళ్లీ ఆదివారం వచ్చేసరికి ముందు వారం నేర్చుకున్నది సగం పోతోందని తనే బాధపడుతోంది.

అభినవ్ బింద్రాకి ఇంటి దగ్గరే రేంజ్ ఉండేదని, మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్‌కి కూడా వాళ్ల నాన్న ఇంట్లోనే పేపర్ టార్గెట్ల రేంజ్ కట్టించారని చదివాను. వాళ్లంత స్తోమత మాకు లేదు. కానీ మా స్థలం 200 గజాలు, 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు. ఒక ఫ్లోరే వేశాం. నాకు మూడు చోట్లు కనిపిస్తున్నాయి.

డాబా మీద: కావలసినంత పొడవుంది. పిట్టగోడ మూడడుగులు.
ఇంట్లో: సింహద్వారం, హాలు తలుపు, వంటింటి తలుపు, పెరటి తలుపు అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. హాల్లో నిలబడి కాలిస్తే పెరటి తలుపు దాకా 10 మీటర్లు వస్తుంది.
పక్క సందు: నాలుగడుగుల వెడల్పు, ముందు గేటు నుంచి వెనక కాంపౌండ్ వాల్ దాకా తిన్నగా ఉంటుంది.

లైసెన్స్ కావాలా? ఏ చోటు మంచిది? టార్గెట్ వెనక ఏం పెట్టాలి? మాకు నాలుగేళ్ల బాబు కూడా ఉన్నాడు. మా ఆవిడ భయమంతా వాడి గురించే. పిల్లెట్లలో, అంటే దీంట్లో కాల్చే చిన్న గుళ్లలో, సీసం ఉంటుందంట కదా, అది ఇంట్లోకి వస్తుందా అని అడుగుతోంది. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

---

తోటబాట:

అన్నా, టౌన్‌లో ఇదంతా ఎందుకు, మీకు చుట్టాల పొలమో తోటో ఏదో ఒకటి ఉంటుంది కదా. మా బాబాయికి లైసెన్స్ ఉన్న పాయింట్ 22 రైఫిల్ ఉంది. మామిడి తోటలో చెట్టుకి అట్ట కట్టి కొట్టేవాళ్లం. ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఎయిర్ పిస్టల్ ఎంత, తోటలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

---

పదో రింగు:

నేను రాష్ట్ర స్థాయిలో రైఫిల్ ఆడాను, ఇప్పుడు పిల్లలకి నేర్పిస్తున్నాను. ముందు తోటబాట గారి మాటకి జవాబు, ఎందుకంటే అది చదివి ఎవరైనా నిజంగా చేస్తారేమోనని భయం. పాయింట్ 22 తూటా కిలోమీటరున్నర దాకా పోగలదు. చెట్టుకి కట్టిన అట్ట దాన్ని ఆపదు. మామిడి చెట్టు మానుకి పక్కగా తగిలితే ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. తోట అవతల గొర్రెలు కాసేవాళ్లుంటారు, బాట మీద బడి పిల్లలుంటారు. "ఎవరూ ఏమీ అనలేదు" అంటే ఇంతవరకూ ఎవరికీ తగల్లేదని మాత్రమే అర్థం. దయచేసి అలా చేయకండి. లైసెన్స్ ఉంది కదా అని తోట రేంజ్ అయిపోదు.

ఇక మీ విషయం సార్. చాలామంది రేంజ్ అనగానే టార్గెట్ గురించి ఆలోచిస్తారు. టార్గెట్‌కి తగిలిన పిల్లెట్ వల్ల ఎవరికీ ఏమీ కాదు. తగలని పిల్లెట్ ఎక్కడికి పోతుంది అన్నదాన్ని బట్టి చోటు ఎంచుకోవాలి. మీ మూడు చోట్లనీ అలా చూడండి.

డాబా వద్దు. పోటీ నియమాల ప్రకారం టార్గెట్ మధ్య బిందువు, షూటర్ నిలబడిన నేల నుంచి 1.40 మీటర్ల ఎత్తులో ఉండాలి. అంటే సుమారు నాలుగున్నర అడుగులు. మీ పిట్టగోడ మూడడుగులు. టార్గెట్ తప్పిన ప్రతి పిల్లెట్టూ గోడ మీదుగా పక్కింటి డాబా మీదికి పోతుంది. అక్కడ బట్టలు ఆరేస్తూనో వడియాలు పెడుతూనో ఎవరో ఒకరు ఉంటారు. 4.5 మి.మీ. పిల్లెట్ కంటికి తగిలితే చూపు పోవచ్చు. ఏడడుగుల ఇటుక గోడ, రేకుల షెడ్డు కడితే వేరే మాట. కానీ మే నెలలో జనగామలో రేకుల కింద పాపని నిలబెడతారా? పైగా మీ వైపు కోతులు. షెడ్డులో లైటు, గిలక, తాడు ఏవీ మిగలనివ్వవు.

ఇంటి లోపల కూడా వద్దు. తలుపులు ఒకే వరసలో ఉన్న ఇళ్లు నేనూ చాలా చూశాను, చూడగానే రేంజ్ లాగే కనిపిస్తాయి. కానీ ఆ దారిలో పక్క గదుల తలుపులు ఎన్ని తెరుచుకుంటాయో లెక్కపెట్టండి. మీ బాబు బంతి వెనకాల పరిగెత్తుకుంటూ ఏ గదిలోంచి ఎప్పుడు వస్తాడో ఎవరికి తెలుసు? అదీగాక సీసం పొడి వంటింట్లో పడకూడదు. ఈ ఒక్క కారణం చాలు.

మిగిలింది సందు. నాకు సందే నచ్చింది. ఒక షూటర్‌కి మీటరు వెడల్పు చాలు, మీకు నాలుగడుగులుంది. పొడవు లెక్క చూసుకోండి: షూటర్ నిలబడే గీత నుంచి టార్గెట్ దాకా 10 మీటర్లు, అంటే 32 అడుగుల 10 అంగుళాలు. గీత వెనక నిలబడటానికి, బల్లకి ఐదడుగులు. టార్గెట్ వెనక పెట్టెకి, గోడకి రెండడుగులు. మొత్తం 40 అడుగులుంటే హాయిగా సరిపోతుంది.

గేటు వైపు నిలబడి వెనక గోడ వైపు కాల్చాలి. అప్పుడు బయటి నుంచి వచ్చేవాళ్లు షూటర్ వెనకాలే వస్తారు. తిరగేసి పెట్టొద్దు.

ఇప్పుడు మీరు నాకు చెప్పాల్సినవి: సందులోకి ఎన్ని తలుపులు, కిటికీలు తెరుచుకుంటాయి? బోరు మోటారు, స్టార్టర్ బాక్సు ఎక్కడున్నాయి? వెనక గోడ ఎత్తెంత? ఆ గోడ అవతల ఏముంది?

---

రిటైర్డ్ ఆర్మరర్:

తమ్ముడూ, నేను పోలీసు శాఖలో ఆయుధాల మరమ్మతు విభాగంలో చేసి రిటైరయ్యాను. చట్టం సంగతి నేను చెబుతాను.

2016 ఆయుధ నియమాల ప్రకారం, పాయింట్ 177 అంటే 4.5 మి.మీ. బోరుకి (గొట్టం లోపలి వెడల్పుకి) మించకుండా, గొట్టం మూతి దగ్గర పిల్లెట్ శక్తి 20 జౌళ్లకి మించకుండా ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు. పోటీల్లో వాడే ఎయిర్ పిస్టళ్లు, రైఫిళ్లు 10 జౌళ్లలోపే ఉంటాయి. కొనేటప్పుడు ఐడీ, వయసు రుజువు అడుగుతారు. మీ పేరు మీదే కొనండి, పాప పేరు మీద వద్దు. బిల్లు మీద బోరు, శక్తి రెండూ రాయించుకోండి. ఒక కాపీ గన్ పెట్టెలో, ఒక కాపీ ఫోన్‌లో ఉంచుకోండి. రైల్లో తీసుకెళ్తూ ఎవరైనా ఆపితే అదే మీకు మాట సాయం.

లైసెన్స్ అక్కర్లేదు అంటే ఇష్టం వచ్చినట్టు కాల్చుకోవచ్చని కాదు. నిర్లక్ష్యంగా పక్కవాళ్ల ప్రాణానికి ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ వర్తిస్తుంది, ఆయుధం ఏదైనా సరే. మందుగుండుతో పేలే తుపాకుల సంగతి ఇంకా తీవ్రం. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత, పెళ్లిలోనో ఊరేగింపులోనో నిర్లక్ష్యంగా గాల్లోకి కాల్చినా రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. తోటబాట బాబు, మీ బాబాయి గారితో ఈ మాట చెప్పు. ఆయన లైసెన్స్ ఏ పని కోసం ఇచ్చారో ఆ కాగితం మీదే రాసి ఉంటుంది. దాన్ని మీరితే లైసెన్సూ పోతుంది, కేసూ అవుతుంది. పాయింట్ 22 కాల్చాలని ఉంటే రైఫిల్ క్లబ్‌లో చేరడమే దారి.

ఇంకోటి. మీ ఇంట్లో గన్ ఉందని తెలిసిన వారానికి ఎవరో ఒకరు వస్తారు, "ఓసారి ఇవ్వు, కోతుల్ని బెదిరించి ఇస్తా" అని. అస్సలు ఇవ్వొద్దు. జంతు హింస నిరోధక చట్టం 1960 నుంచీ ఉంది, వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచీ ఉంది. కోతికి గానీ పిట్టకి గానీ దెబ్బ తగిలితే గన్ మీది కాబట్టి ముందు మిమ్మల్నే పిలుస్తారు.

స్టేషన్‌లో చెప్పాలా అని అడుగుతారేమో. తప్పనిసరి కాదు. కానీ ఒక కాగితం రాసి, బిల్లు కాపీ జత చేసి ఇచ్చి రండి. ఎదురింటివాళ్లకి, రెండు పక్కలవాళ్లకి మీరే వెళ్లి చెప్పండి. ఒక రోజు పిలిచి చూపించండి. "వాళ్లింట్లో తుపాకీ పేల్చుతున్నారు" అన్న మాట వీధిలో తిరిగాక సర్దిచెప్పడం చాలా కష్టం.

---

జనగామ నాన్న:

మేడం, సార్, ఇద్దరికీ చాలా థాంక్స్. మా ఆవిడకి రెండు జవాబులూ చదివి వినిపించాను. డాబా, ఇల్లు రెండూ కొట్టేశాం.

సందు వివరాలు: లోపలి పొడవు 48 అడుగులు. వంటింటి పక్క తలుపు ఒకటి సందులోకి తెరుచుకుంటుంది, గిన్నెలు తోమే చోటు అక్కడే. బెడ్‌రూమ్ కిటికీలు రెండు. బోరు మోటారు వెనక మూల, స్టార్టర్ బాక్సు సరిగ్గా వెనక గోడకే ఉంది. ఆ గోడ ఐదడుగులు, అవతల పక్కవాళ్ల పెరడు, అక్కడ వాళ్ల కుళాయి ఉంది. గోడ వారగా మా అమ్మ పెట్టిన కరివేపాకు చెట్టు. సందు నేల సిమెంటు, వర్షం నీళ్లు పోవడానికి వెనక్కి వాటం ఇచ్చారు.

పిస్టల్ గాలి సిలిండర్‌ది తీసుకోవాలా, స్ప్రింగుది చాలా?

---

పదో రింగు:

ఇంత వివరంగా రాసినందుకు సంతోషం. వరసగా చెబుతాను.

వెనక గోడ: ఐదడుగులు చాలదు. టార్గెట్ మధ్య నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉంటే దాని పైన మిగిలేది అరడుగే. సందు వెడల్పు మేరకి ఇటుకతో ఎనిమిది అడుగులకి లేపించండి, ప్లాస్టరింగ్ చేయించండి. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ఎయిర్ పిస్టల్‌కి బాగా సరిపోతుంది. అవతల కుళాయి ఉందన్నారు కాబట్టి ఇందులో రాజీ పడొద్దు. గోడ కట్టకముందు ఒక్క పిల్లెట్ కూడా కాల్చకండి. పక్కవాళ్లతో మాట్లాడే కట్టండి.

స్టార్టర్ బాక్సు అక్కడి నుంచి తీసేయించాల్సిందే. కరెంటు ఉన్న డబ్బాని టార్గెట్ పక్కన ఉంచకూడదు. గేటు వైపుకి మార్పిస్తే మోటారు వేయడానికి ఎవరూ టార్గెట్ వైపు వెళ్లే పని కూడా ఉండదు. మోటారు మీద చెక్క పెట్టె బోర్లించండి.

వంటింటి తలుపు: ఇదే మీ రేంజ్‌లో అన్నిటికన్నా ప్రమాదమైన చోటు. సందు వైపు నుంచి గడియ పెట్టించండి. పాప పిస్టల్ పెట్టె తెరిచే ముందు ఆ గడియ వేయాలి, తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. పిస్టల్ పెట్టెలోకి వెళ్లాకే తీయాలి. కిటికీలకి ఆ వేళ మూసే ప్లైవుడ్ తలుపులు చేయించండి. గిన్నెలు తోమే చోటు మాత్రం మార్చేయండి. సీసం ఉన్న చోట తినే గిన్నెలు వద్దు.

పిల్లెట్లు ఆపే పెట్టె: వెల్డింగ్ షాపులో చెప్తే చేస్తారు. 3 మి.మీ. ఇనప రేకుతో ముందు తెరిచి ఉన్న పెట్టె. లోపల వెనక రేకు నిటారుగా ఉండకూడదు, పై అంచు షూటర్ వైపుకి వంగి 45 డిగ్రీల వాలులో ఉండాలి. అప్పుడు పిల్లెట్ చితికి కిందికి జారి ట్రేలో పడుతుంది. నిటారు రేకుకి తగిలితే ముక్కలు ఎదురు తిరిగి వస్తాయి. పెట్టె ముఖం కనీసం అడుగున్నర చదరం పెట్టించండి. కొత్తలో పాప గురి అటూ ఇటూ పోతుంది. బయటి వైపు పాత కన్వేయర్ బెల్టు రబ్బరు అతికిస్తే చప్పుడు సగానికి తగ్గుతుంది. పెట్టె చుట్టూ గోడకి కూడా అదే రబ్బరు కొట్టించండి. గుండ్రటి ఉక్కు బాల్స్ కాల్చే గన్లు ఈ రేంజ్‌లోకి రానివ్వొద్దు. సీసం చితుకుతుంది, ఉక్కు చితకదు, తిరిగొచ్చి ముఖానికి తగులుతుంది. రేంజ్‌లో ఎంతమంది ఉంటే అంతమందికీ కళ్లద్దాలు ఉండాలి, చూస్తూ నిలబడిన మీకు కూడా.

ఎత్తు కొలత గురించి కొంచెం జాగ్రత్త. నేల వెనక్కి వాటం అన్నారు. మీటరుకి సెంటీమీటరు వాటం ఇచ్చినా 10 మీటర్లకి 10 సెంటీమీటర్లు దిగుతుంది. నియమం ఒప్పుకునే తేడా 5 సెంటీమీటర్లే. టార్గెట్ కింద నేల నుంచి టేపు పెట్టి 1.40 కొలిస్తే తప్పు వస్తుంది. పాప నిలబడే నేల నుంచి కొలవాలి. మేస్త్రీ దగ్గర నీళ్ల లెవెల్ పైపు ఉంటుంది కదా, దాంతో గీత దగ్గరి ఎత్తుని వెనక గోడ మీదికి తెచ్చుకోండి. పాప నిలబడే చోట మాత్రం వాటం తీసేసి నేల మట్టంగా చేయించండి. రోజూ వాలు నేల మీద నిలబడి నేర్చుకుంటే పోటీ హాల్లో కాళ్లు వేరేగా ఉంటాయి. ఇది నేను పిల్లల్లో కళ్లారా చూశాను.

టార్గెట్: ఎయిర్ పిస్టల్ కార్డు 17 సెంటీమీటర్ల చదరం, మధ్య 10 రింగు 11.5 మి.మీ. అసలు పోటీ కార్డులే కొనండి. ప్రింటర్‌లో తీస్తే కాగితం చిరుగుతుంది, రంధ్రం అంచు తేలదు, పాయింటు లెక్క తేలదు. కార్డు మార్చడానికి ప్రతిసారీ నడవకుండా, బట్టలారేసే తీగ మీద రెండు గిలకలు పెట్టి తాడుతో లాక్కోవచ్చు. ఈ ఏర్పాటు మీద నాకు చాలా ఇష్టం. నడక తగ్గితే ప్రమాదమూ తగ్గుతుంది. ఎప్పుడైనా ముందుకి వెళ్లాల్సి వస్తే పిస్టల్ ఖాళీ చేసి, గొట్టంలో రంగు దారం పెట్టి, బల్ల మీద పెట్టాకే గీత దాటాలి.

లైటు: టార్గెట్ మీద కనీసం 1500 లక్స్ (వెలుగు కొలిచే ప్రమాణం), నిలబడే చోట 300 లక్స్. టార్గెట్‌కి పైన, కొంచెం ముందుగా ఎల్ఈడీ ఫ్లడ్ లైటు పెట్టి, దాని వెలుగు పాప కళ్లలో పడకుండా చిన్న రేకు అడ్డం పెట్టండి. ఫోన్‌లో లక్స్ చూపించే యాప్ అంచనాకి చాలు. ఇన్వర్టర్ లైనులో కలపండి.

సీసం: మీ ఆవిడ భయం న్యాయమైనదే. నాలుగేళ్ల పిల్లాడికి సీసం పెద్దవాళ్లకన్నా ఎక్కువ చేటు చేస్తుంది. అక్కడ పొడి చీపురుతో ఊడవొద్దు, తడిగుడ్డతో తుడవండి, ఆ గుడ్డ వేరే దేనికీ వాడొద్దు. ట్రేలో పిల్లెట్లు మూత డబ్బాలో పోసి, పాత బ్యాటరీలు కొనేవాళ్లకి ఇవ్వండి. కాల్చిన వెంటనే చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోవాలి. రేంజ్ చెప్పులు రేంజ్‌లోనే విడవాలి. బాబుకి ఆ సందులో ఆట పూర్తిగా బంద్. కరివేపాకు చెట్టుని అమ్మగారితో చెప్పి వేరే చోటికి మార్చండి. వాన నీళ్లు ట్రేలో పడి అటు పారకుండా పెట్టె మీద చిన్న రేకు చూరు కూడా వేయించండి.

పిస్టల్: పోటీలకి వెళ్లే ఉద్దేశం ఉంటే గాలి సిలిండర్‌దే. సిలిండర్‌లో 200 బార్ దాకా ఒత్తిడితో గాలి ఉంటుంది. చేతి పంపుతో నింపొచ్చు, కానీ అది మీరు కొట్టాలి, పాప వల్ల కాదు. ఆక్సిజన్ సిలిండర్ నుంచి మాత్రం ఎన్నడూ నింపించొద్దు, పేలిపోతుంది. సిలిండర్ మీద తయారైన తేదీ ఉంటుంది, 10 ఏళ్లు దాటితే వాడకూడదు. సెకండ్ హ్యాండ్ కొంటే మొదట ఆ తేదీ చూడండి.

---

ఆస్టిన్ తెలుగు:

చాలా మంచి చర్చ. మా దగ్గర టెక్సస్‌లో ఇంటి స్థలంలో రేంజ్ పెట్టుకోవడం మామూలే అనుకుంటారు మనవాళ్లు. ఊరి హద్దు బయట కూడా, లేఅవుట్‌లో 10 ఎకరాలు లేదా అంతకన్నా చిన్న ప్లాటు అయితే కౌంటీ కాల్పులు నిషేధించొచ్చు. మా మిత్రుడొకరు స్థలం కొన్నాక ఈ సంగతి తెలుసుకున్నారు. నేను మా అబ్బాయికి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే సరిపెట్టాను. వాడికి ఇంట్లో ఎక్కువ ఉపయోగపడింది పిల్లెట్ లేకుండా చేసే డ్రై ఫైరింగ్. మేడం, దాని గురించి కూడా చెప్పండి.

---

పదో రింగు:

బాగా గుర్తుచేశారు. జనగామ సార్, గోడ కట్టడానికి, పెట్టె చేయించడానికి నెల పడుతుంది. ఈలోగా పాప ఖాళీగా కూర్చోనక్కర్లేదు. పోటీ పిస్టల్స్‌లో పిల్లెట్ లేకుండా ట్రిగ్గర్ మాత్రం పనిచేసే ఏర్పాటు ఉంటుంది. తెల్ల గోడకి ఎదురుగా నిలబడి, టార్గెట్ లేకుండా, ముందు సైటు (గొట్టం చివర గురి చూసుకునే ముక్క) మీదే చూపు పెట్టి ట్రిగ్గర్ నొక్కడం రోజూ అరగంట చేయించండి. నొక్కిన క్షణంలో సైటు కదిలిందా లేదా అన్నది తనకే కనిపిస్తుంది. పాయింట్లు ఉండవు కాబట్టి టెన్షన్ ఉండదు. పిల్లెట్ లేకపోయినా నియమాలు అవే: గన్ ఖాళీ అని ఇద్దరు చూడాలి, పిల్లెట్ల డబ్బా ఆ గదిలో ఉండకూడదు, గోడ అవతల మనిషి ఉండకూడదు. స్ప్రింగు పిస్టల్‌తో మాత్రం ఇది చేయొద్దు, లోపలి పిస్టన్ దెబ్బతింటుంది.

ఆదివారం హైదరాబాద్ రావడం మానకండి. 2002 జాతీయ క్రీడలప్పుడు సెంట్రల్ యూనివర్సిటీలో కట్టిన రేంజ్ లాంటి పెద్ద హాల్లో, పక్కన పదిమంది కాలుస్తుంటే చప్పుళ్ల మధ్య కాల్చడం వేరు. బీజింగ్ ఒలింపిక్స్‌కి ముందు బింద్రా అలాంటి పెద్ద హాలుకి అలవాటు పడటానికి పెళ్లి హాలు అద్దెకి తీసుకుని ప్రాక్టీసు చేశారు. ఇంట్లో రేంజ్ ఉన్న మనిషే ఆ పని చేశారు.

---

జనగామ నాన్న:

నిన్న పక్కింటివాళ్లతో మాట్లాడాను. గోడ లేపడానికి ఒప్పుకున్నారు. వాళ్ల వైపు ప్లాస్టరింగ్ కూడా నన్నే చేయించమన్నారు, సరేనన్నాను. స్టార్టర్ బాక్సు మార్చడానికి ఎలక్ట్రీషియన్ శుక్రవారం వస్తాడు. స్టేషన్‌లో ఇవ్వడానికి కాగితం రాశాను, బిల్లు వచ్చాక జత చేసి ఇస్తాను సార్.

మేడం, ఒక్క సందేహం. పెట్టె ట్రేలో కింద ఇసక పోయొచ్చా, ఖాళీగా ఉంచాలా?

---

పదో రింగు:

ఖాళీగానే ఉంచండి. ఇసక పోస్తే సీసం అందులో కలిసిపోయి ఏరడం కష్టం, పోసినప్పుడల్లా దుమ్ము లేస్తుంది. ట్రే అడుగున రబ్బరు ముక్క పరిస్తే చాలు. పెట్టె తయారయ్యాక వాలు రేకు కనబడేలా ఒక ఫోటో పెట్టండి, చూసి చెబుతాను.